ఇండెంటు ప్రణాళిక కాదు

కిందటి వేసవిలో ఒక వర్క్‌షాపుకు వెళ్లాను. ఉన్నత విద్యలో సాంకేతికత మీద మూడు గంటలు మాట్లాడారు. చివర్లో ముఖ్యవక్త ఒక మాట తేల్చి చెప్పారు. ప్రభుత్వం డబ్బు ఇస్తోంది, కంపెనీలు సరంజామా ఇస్తున్నాయి, పిల్లల చేతుల్లో ఫోన్లున్నాయి, ఇక మిగిలిన అడ్డంకి లెక్చరరు ఒక్కడే, అతని బుర్ర మారితే అన్నీ మారతాయి అని. హాలంతా చప్పట్లు మోగాయి. కొట్టినవాళ్లలో ఎక్కువమంది లెక్చరర్లే. ఆ మాట కంటే ఆ చప్పట్లు నన్ను ఎక్కువ బాధపెట్టాయి. ఇరవై ఏడేళ్లుగా ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో ఫిజిక్స్ చెబుతున్నాను. మా మీద పడ్డ నిందను మేమే నమ్మే దాకా వచ్చామంటే, ఆ నిందలో నిజమెంతో ఇప్పటికైనా తేల్చుకోవాలి.

ఈ అభిప్రాయం ఆ ఒక్క వక్తది కాదు. సచివాలయంలో, కమిషనరేట్లలో, విశ్వవిద్యాలయాల సమావేశాల్లో, మా స్టాఫ్‌రూముల్లో కూడా ఇదే మాట. పాతకాలపు పంతుళ్లు సుద్దముక్క వదలరు, అందుకే కోట్లు పోసి కొన్నవి మూలన పడుతున్నాయి అంటారు. ఇందులో కొంత నిజముంది, కొంత లేదు అని నేను సర్దుకోను. ఇది తప్పు. మన కాలేజీల్లో బోధన కోసం తెచ్చిన పరికరాలు మూలపడటానికి కారణం లెక్చరరు భయం కాదు. ఏ పాఠం కోసం, ఏ పిల్లల కోసం, ఎవరు చెప్పడం కోసం అని అడగకుండానే సరుకుల ఇండెంటు రాసి, దానికి ప్రణాళిక అని పేరు పెట్టడం అసలు కారణం.

వాడని లెక్చరరు కథే ముందు చూద్దాం. నేను పనిచేసిన ఒక కాలేజీకి రెండు స్మార్ట్‌బోర్డులు వచ్చాయి. వచ్చింది మార్చి చివరి వారంలో. ముప్పై ఒకటిలోపు బిల్లు పెట్టకపోతే నిధులు మురిగిపోతాయి గనక ఒక్క రోజులో గోడలకు బిగించేశారు. ఒకటి పడమటి కిటికీల గదిలో పడింది. మధ్యాహ్నం రెండు దాటితే దాని మీద ఎండ తప్ప ఇంకేమీ కనపడదు, కిటికీలకు కర్టెన్లు ఇండెంటులో లేవు. కంపెనీ కుర్రాడు నలభై నిమిషాలు చూపించి వెళ్లాడు. ఆ రోజు ప్రాక్టికల్ పరీక్షలు. చూసినవాళ్లు ప్రిన్సిపాలు, ఒక జూనియర్ అసిస్టెంటు, ఖాళీగా దొరికిన ఇద్దరు లెక్చరర్లు. బోర్డులు స్టాక్ రిజిస్టరులో ఒక సీనియర్ మేడమ్ పేరు మీద ఎక్కాయి. పాడైతే సమాధానం చెప్పాల్సింది ఆవిడే, ఆడిట్‌లో తేడా వస్తే రికవరీ ఆవిడ జీతంలోంచే. ఆవిడ గదికి తాళం వేయించారు. ఆ స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ని.

తరగతులు మొదలయ్యాక తాళం తీయించుకుని నేను పదకొండు క్లాసులు ఆ గదిలో చెప్పాను. పన్నెండో క్లాసులో కరెంటు పోయి వచ్చింది. బోర్డు వెలిగింది గానీ తాకితే పలకలేదు. యూపీఎస్ ఎవరూ అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు. వారంటీ నంబరుకు మూడు నెలలు ఫోన్లు చేశాం. మరమ్మతుకు పద్దు లేదు. ఆ తర్వాత వచ్చిన తనిఖీలో రెండు బోర్డులూ గోడకు ఉన్నాయా లేదా చూసి టిక్కు పెట్టుకున్నారు. లెక్చరర్లు వాడటం లేదు అని కూడా రాసుకున్నారు. ఆ రెండో వాక్యం నిజమే. దాని వెనకున్న ఎండ, తాళం, రిజిస్టరు, కరెంటు ఏ నివేదికలోకీ ఎక్కలేదు.

లెక్చరర్లకు సాంకేతికత అంటే భయమనేవాళ్లు 2020 మార్చిని గుర్తు చేసుకోవాలి. లాక్‌డౌన్ పడిన వారంలో మాకు శిక్షణ లేదు, జీవో లేదు, పరికరం లేదు. బియ్యం డబ్బాకు ఫోను ఆనించి పాఠాలు రికార్డు చేశాం. మొదటి నాలుగైదు రోజులు వీడియో క్లాసులు పెట్టాం. అరవై మందిలో పద్నాలుగు మంది వచ్చారు. మిగతావాళ్లకు ఏమైందని ఒక్కొక్కరికీ ఫోను చేస్తే సంగతి తెలిసింది. ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను, అది నాన్నతో పొలానికి పోతుంది. ఉన్నా రోజుకో జీబీ డేటా, దానిమీద అక్కాచెల్లెళ్లిద్దరు చదవాలి. అప్పుడు మేమే పద్ధతి మార్చాం. చేతిరాత నోట్సును ఫొటో తీసి, దానికి ఐదేసి నిమిషాల వాయిస్ మెసేజ్ జోడించి వాట్సాప్‌లో పెట్టాం. రాత్రి నాన్న ఇంటికొచ్చాక వింటారు. సందేహం ఉంటే వాళ్లూ మాటల్లోనే పంపుతారు. పద్నాలుగు మంది నలభై ఆరయ్యారు.

అది అసలైన ప్రణాళిక. ఎవరికి ఏముంది, ఏం లేదు, ఎప్పుడు చేతికందుతుంది, ఏది తక్కువ డేటాతో చేరుతుంది అని విచారించి మాధ్యమాన్ని ఎంచుకున్నాం. ఆ విచారణ దేశం మొత్తానికి ముందే జరిగి ఉంది కూడా. 2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే 75వ విడత ప్రకారం గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటరు ఉన్నవి 4.4 శాతం, ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి దాదాపు 15 శాతం. ఈ అంకెలు తెలిసి కూడా వీడియో క్లాసుల షెడ్యూళ్లు పైనుంచి దిగాయి. తర్వాత మళ్లీ కాలేజీలు తెరిచాక, ఆ వాట్సాప్ పద్ధతి ఎలా కనిపెట్టారయ్యా, దాన్ని ఇంకా బాగా చేయాలంటే ఏం కావాలి అని మమ్మల్ని ఎవరూ అడగలేదు.

ఇంకో సంగతి. తెలంగాణలో 2016 నుంచి డిగ్రీ ప్రవేశాలు దోస్త్ అనే పోర్టల్ ద్వారా ఆన్‌లైన్లోనే జరుగుతున్నాయి. ఫీజు రీయింబర్స్‌మెంటు, హాజరు, పరీక్ష ఫీజులు, మార్కుల ఎంట్రీ, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అన్నీ కంప్యూటర్ మీదే. ఈ పనులన్నీ చేస్తున్నది ఎవరు? బుర్ర మారని ఆ లెక్చరర్లే. రాత్రి పదకొండుకు సర్వరు ఖాళీ అవుతుందని మేలుకుని ఎంట్రీ చేసినవాళ్లే. పాలనలో నిలబడ్డ సాంకేతికత బోధనలో ఎందుకు నిలబడలేదు? పాలనకు తనకేం కావాలో తెలుసు. ఎంతమంది చేరారు, ఎవరికి ఎంత జమ అయింది అని ప్రశ్న ముందు పుట్టింది, సాఫ్ట్‌వేరు తర్వాత వచ్చింది. బోధన విషయంలో ప్రశ్న పుట్టకముందే సరుకు దిగుతుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఇది కొత్త జబ్బు కాదు. 2004 సెప్టెంబరు 20న మన శ్రీహరికోట నుంచే ఎడ్యుశాట్ ఎగిరింది. పూర్తిగా విద్య కోసమే ప్రయోగించిన తొలి భారతీయ ఉపగ్రహం అది. ఆ సాయంత్రం టీవీ ముందు కూర్చుని గర్వపడ్డవాళ్లలో నేనూ ఉన్నాను, ఆ గర్వం ఇప్పటికీ తప్పనిపించదు. రాకెట్ చేయాల్సిన పని రాకెట్ చేసింది. కింద భూమ్మీద జరగాల్సిన పని జరగలేదు. 2013లో కాగ్ ఆ కార్యక్రమాన్ని పరిశీలించి మూడు చోట్ల విఫలమైందని రాసింది: కేంద్రాలను కలిపే నెట్‌వర్కు, పాఠాల తయారీ, నిర్వహణ వ్యవస్థ. మూడింటిలోనూ లెక్చరరు భయం అన్న కారణం లేదు. ఉపగ్రహం 2010లోనే సేవ ముగించింది. పాఠాలు రాయడానికి, రాసేవాళ్లను తయారుచేయడానికి పట్టే కాలాన్ని ఎవరూ లెక్కగట్టలేదు.

ఆకాశ్ టాబ్లెట్ కూడా ఇంతే. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో ఆవిష్కరించారు, కూర్పు జరిగింది మన హైదరాబాద్‌లో. ఒక్కోదానికి ప్రభుత్వం పెట్టిన ఖరీదు 2,276 రూపాయలు. లోపల 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 256 ఎంబీ మెమరీ, గట్టిగా నొక్కితే తప్ప పలకని తెర. దేశమంతా ధర గురించే మాట్లాడింది. ప్రపంచంలోకెల్లా చవకైన టాబ్లెట్ అని రాశాం, చదివాం, చెప్పుకున్నాం. రెండో సంవత్సరం బీకాం చదివే అమ్మాయి దీనిమీద ఏ పాఠం, ఏ వారంలో, ఎవరి సాయంతో నేర్చుకుంటుంది అని అడిగిన వార్త ఒక్కటీ నాకు కనపడలేదు. బాధ్యత ఐఐటీ రాజస్థాన్ నుంచి ఐఐటీ బొంబాయికి మారింది, యంత్రం మెరుగైంది, ఆ ప్రశ్న మాత్రం అక్కడే ఉండిపోయింది.

పరికరం వస్తే పాఠం దానంతటదే మారుతుందని నమ్మేవాళ్లకు ఒక ఉదాహరణ కొంచెం నిదానంగా చెప్పాలి. ఇది నా సబ్జెక్టుదే.

హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసరు ఉన్నారు. విద్యార్థులు ఆయనకు మంచి మార్కులే వేసేవారు, పరీక్షల్లో లెక్కలూ బాగానే చేసేవారు. ఒక రోజు న్యూటన్ నియమాల మీద లెక్కలు లేని, మామూలు మాటల్లో ఉన్న ప్రశ్నలు ఇచ్చి చూస్తే చాలామందికి అసలు విషయమే అర్థం కాలేదని తేలింది. 1991 నుంచి ఆయన పద్ధతి మార్చారు. కాసేపు చెప్పి ఒక ప్రశ్న వేస్తారు. ప్రతి ఒక్కరూ ముందు సొంతంగా జవాబు ఎంచుకుంటారు. తర్వాత పక్కవాడితో వాదిస్తారు. మళ్లీ జవాబు చెబుతారు. మొదట్లో జవాబు చూపడానికి అట్టముక్కలు వాడేవారు, తర్వాత చేతిలో పట్టుకునే క్లిక్కర్లు వచ్చాయి. పద్ధతి పేరు పొందగానే ప్రపంచమంతా క్లిక్కర్లు కొన్నది. కెనడాలో నథానియెల్ లాస్రీ అనే అధ్యాపకుడు ఒక సెక్షన్‌కు క్లిక్కర్లు, ఇంకో సెక్షన్‌కు అట్టముక్కలు ఇచ్చి ఇదే పద్ధతిలో పాఠం చెప్పి 2008లో ఫలితం ప్రచురించారు. విద్యార్థులు నేర్చుకున్నదానిలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. నేర్పింది ఆ ప్రశ్న, ఆ వాదన.

ఇది చదివాక నేను మా క్లాసులో మొదలుపెట్టాను. మాకు అట్టముక్కలు కూడా అక్కర్లేదు. వేళ్లను గుండెకు ఆనించి చూపిస్తారు, పక్కవాడికి కనపడకుండా. లారీ, ఆటో ఎదురెదురుగా గుద్దుకున్నాయి. లారీ ఆటో మీద చూపిన బలం ఎక్కువా, ఆటో లారీ మీద చూపిన బలం ఎక్కువా, రెండూ సమానమా? చర్యకు ప్రతిచర్య సమానం అని ఇంటర్ నుంచి వల్లించిన పిల్లలే ఒకటో వేలు చూపిస్తారు. ఏ ఏడాదైనా క్లాసులో మూడింట రెండు వంతులు ఒకటో వేలే. అప్పుడు గది నిండా గోల. "ఆటో తుక్కయింది కదరా, సమానం ఎట్లయితది?" అని ఒకడు. "బలం సమానమే, ఆటోకు బరువు తక్కువ, అందుకే దానికి ఎక్కువ దెబ్బ" అని వెనక బెంచీ అమ్మాయి. ఆ ఒక్క వాక్యం ఆ అమ్మాయి నోట వచ్చాక నేను చెప్పడానికి ఏమీ మిగలదు. పక్క గదిలో పాడైన బోర్డు ఖరీదుతో ఇలాంటి ప్రశ్నలు ప్రతి యూనిట్‌కు పది చొప్పున రాయించి, తెలుగులో, ఇంగ్లిష్‌లో అచ్చువేసి జిల్లాలోని ప్రతి ఫిజిక్స్ లెక్చరరుకు ఇవ్వొచ్చు. ఆ ఇండెంటు ఎవరూ రాయరు, ఎందుకంటే ప్రశ్నకు స్టాక్ నంబరు ఉండదు.

దీన్నిబట్టి నేను యంత్రాలకు విరోధినని ఎవరైనా అనుకుంటే పొరపాటు. కంటికి కనపడనిదాన్ని చూపడంలో కంప్యూటరుకు సాటి లేదు. నోబెల్ పొందిన కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన ఫెట్ సిమ్యులేషన్లు నేను ఏళ్లుగా వాడుతున్నాను. ఉచితం, కొన్నిటికి తెలుగు రూపాలూ ఉన్నాయి. తీగలో ఎలక్ట్రాన్లు ఎలా నడుస్తాయో బోర్డు మీద నేను బొమ్మ గీస్తే అవి కదలవు, అక్కడ కదులుతాయి. వోల్టేజీ పెంచితే ఏమవుతుందో పిల్లవాడే పెంచి చూస్తాడు. అవి అంత బాగా ఎందుకున్నాయంటే, తయారుచేసినవాళ్లు ప్రతిదాన్నీ విడుదలకు ముందు విద్యార్థులను ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి, వాడుతుంటే చూసి, ఎక్కడ తికమకపడ్డారో రాసుకుని సరిదిద్దారు. మన దగ్గర ఏ సంస్థ అయినా కాలేజీలకు సాఫ్ట్‌వేరు అమ్మేముందు మా పిల్లల్లో ఒక్కడిని కూర్చోబెట్టి చూసిందా? నా సర్వీసులో అలా చూడలేదు.

గొప్ప ప్రొఫెసరు పాఠాన్ని రికార్డు చేసి అందరికీ పంపితే చాలు, స్థానిక లెక్చరరు పర్యవేక్షకుడిగా ఉంటే సరిపోతుంది అన్నది ఇంకో బలమైన వాదన. ఐఐటీల వీడియో పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్ మీద నాకు గౌరవముంది, దాని పాఠాలు విని నేనే క్వాంటమ్ మెకానిక్స్ మళ్లీ నేర్చుకున్నాను. అయితే ఆ పాఠం చెప్పేటప్పుడు ఆ ప్రొఫెసరు ఎదుట ఉన్నది జేఈఈ గట్టెక్కి వచ్చిన విద్యార్థి. నా ఎదుట ఉన్నది పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంట్లో డిగ్రీ మెట్టు ఎక్కిన మొదటి మనిషి. నాలుగో నిమిషంలో వచ్చే ఒక సమీకరణం దగ్గర వాడు ఆగిపోతాడు. వీడియో ఆగదు. ఆపినా, ఎందుకు ఆగానో వాడు చెప్పుకోవడానికి అక్కడ మనిషి లేడు. 2021లో యూజీసీ ఒక సెమిస్టరు కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం అనే ఆన్‌లైన్ వేదిక ద్వారా చదివే వీలు కల్పించింది. అవకాశంగా అది మంచిదే. ఖాళీ పోస్టు నింపకుండా ఉండటానికి సాకుగా వాడితే ఆ పిల్లవాడికి ద్రోహం.

ఆన్‌లైన్ పాఠంతో సరిపెట్టే ఈ ప్రయోగం అమెరికాలో ఎప్పుడో జరిగింది. 2013 వసంతంలో శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీ, ఉడాసిటీ అనే కంపెనీ కలిసి గణితం, గణాంక శాస్త్రాల్లో మూడు ఆన్‌లైన్ కోర్సులు నడిపాయి. ఉత్తీర్ణత క్యాంపస్ తరగతుల కంటే బాగా పడిపోయింది. జూలైలో ఆపేశారు. వేసవి బ్యాచి ఫలితాలు మెరుగ్గా వచ్చాయి గానీ, ఆ బ్యాచిలో చాలామందికి అప్పటికే డిగ్రీలున్నాయి. నేర్చుకోవడం నేర్చినవాడికి వీడియో చాలు. నేర్చుకోవడం ఇంకా నేర్వనివాడికే కాలేజీ ఎక్కువ అవసరం. అదే ఏడాది అక్కడి తత్త్వశాస్త్ర విభాగం, హార్వర్డ్ ప్రొఫెసరు మైకేల్ శాండెల్ వీడియో కోర్సును తమ తరగతుల్లో వాడటానికి నిరాకరిస్తూ ఆయనకు బహిరంగ లేఖ రాసింది. వాళ్లను కూడా మార్పుకు అడ్డం పడుతున్నవాళ్లన్నారు. వాళ్లు అడ్డుపడింది తమ విద్యార్థుల తరఫున.

సరిగ్గా చేసినవాళ్లు లేరా అంటే ఉన్నారు, మన ఇంట్లోనే ఉన్నారు. ముందు వాళ్ల ఆలోచనకు మూలం చూద్దాం. బ్రిటన్‌లో ఓపెన్ యూనివర్సిటీ 1969లో చార్టర్ పొంది 1971 జనవరిలో పాఠాలు మొదలుపెట్టింది. బీబీసీ ప్రసారాల వల్ల దానికి పేరొచ్చింది గానీ, దాని ప్రాణం కోర్సు బృందంలో ఉంది. సబ్జెక్టు అధ్యాపకులు, ప్రసార నిర్మాత, బోధనా సాంకేతిక నిపుణుడు, సంపాదకుడు ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒకరి ముసాయిదాను ఇంకొకరు చించి చెండాడేవారు. ఏది అచ్చులో, ఏది రేడియోలో, ఏది టీవీలో చెప్పాలో పాఠాన్నిబట్టి తేల్చేవారు. సైన్సు విద్యార్థులకు ప్రయోగాల పెట్టె, అందులో చిన్న మైక్రోస్కోపు, ఇంటికే పోస్టులో పంపేవారు. దగ్గర ఊళ్లో ట్యూటరు ఉండి అసైన్‌మెంట్లు దిద్దేవారు.

కరీంనగర్ జిల్లాలో పుట్టిన ప్రొఫెసర్ జి. రాంరెడ్డి ఆ ఆలోచనను 1982లో మన నేలకు తెచ్చారు. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటిది, తర్వాత అది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టుకుంది. రాంరెడ్డి గారు దాన్ని ఎలా కట్టారో చూడండి. ముందు విద్యార్థి ఎవరో తేల్చుకున్నారు: ఇంటర్ పాసవని గుమాస్తా, పెళ్లయి చదువు మానేసిన ఆడమనిషి, డ్యూటీలో ఉన్న కానిస్టేబులు. వాళ్ల కోసం అర్హత పరీక్ష పెట్టారు. తెలుగులో పాఠ్యపుస్తకాలు రాయించారు. ఆకాశవాణిలో పాఠాలు పెట్టారు. ఊళ్లలో ఉన్న కాలేజీల్లోనే స్టడీ సెంటర్లు తెరిచి ఆదివారాలు క్లాసులు నడిపించారు. ఆ ఆదివారం క్లాసులు చెప్పింది మామూలు డిగ్రీ కాలేజీ లెక్చరర్లే. రేడియో కంటే చవకైన, పాతదైన సాంకేతికత ఏముంటుంది? పని జరిగింది. దాని చుట్టూ మనుషులున్నారు కాబట్టి జరిగింది. ఆ అనుభవంతోనే 1985లో ఇగ్నో మొదటి వైస్ ఛాన్సలర్‌గా ఆయన్ను ఢిల్లీ తీసుకుపోయారు. నలభై ఏళ్ల కింద మనవాడు దేశానికి నేర్పిన పాఠాన్ని మనమే మరిచి, అమ్మకందారుల దగ్గర కొత్తగా నేర్చుకుంటున్నాం.

ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్ ఇంకో మంచి నమూనా. ప్రొఫెసర్ కన్నన్ మౌద్గల్య నడిపిన ఈ పనిలో ఒక్కో పాఠం పది నిమిషాలు. తెర మీద ఇంగ్లిష్ అలాగే ఉంటుంది, మాట మాత్రం తెలుగులో, ఇతర భాషల్లో వస్తుంది. విద్యార్థి సగం తెర మీద పాఠం, సగం తెర మీద సాఫ్ట్‌వేరు పెట్టుకుని చూస్తూ చేస్తాడు. స్క్రిప్టును రికార్డు చేసేముందు ఆ విషయం అసలు తెలియని ఒక కొత్తవాడికిచ్చి, వాడు చేయగలిగితేనే ముందుకు వెళతారు. తెలియనివాడి ఆమోదం తప్పనిసరి అన్న ఆ ఒక్క నియమాన్ని మన కొనుగోలు కమిటీలు పెట్టుకుంటే ఎన్ని కోట్లు మిగిలేవో.

భాష గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి నేను మాట్లాడాలి. మా తెలుగు శాఖ సహోద్యోగి ఒకాయన పదిహేనేళ్ల నోట్సు టైపు చేయించి పెట్టుకున్నారు, అంతా డీటీపీ కాలపు ఫాంట్లలో. కాలేజీకి పాఠాలు ఆన్‌లైన్లో పెట్టే ఎల్‌ఎంఎస్ వచ్చింది, నెలాఖరుకల్లా పాఠాలు ఎక్కించాలని ఉత్తర్వు వచ్చింది. ఆయన ఎక్కించారు. తెర మీద అక్షరాలకు బదులు అడ్డదిడ్డమైన గుర్తులు వచ్చాయి. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. ఆ నోట్సును యూనికోడ్‌లోకి మార్చిపెట్టే ఒక్క మనిషిని మాత్రం ఈ నాటికీ ఏ కాలేజీకీ ఇవ్వలేదు. ఆయన పేరు పాఠాలు ఎక్కించనివారి జాబితాలో వచ్చింది. విమర్శకుడు వల్లంపాటి మీద, కవి శేషేంద్ర మీద ఆయన రాసుకున్న వందల పేజీలు ఇప్పటికీ ఒక పాత హార్డ్ డిస్కులో ఉన్నాయి. ఆయన వచ్చే ఏడాది రిటైరవుతారు.

ఇక్కడ మూల్యాంకన పద్ధతిలో ఉన్న లోపాన్ని కూడా చెప్పాలి. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ 2017లో సవరించిన చట్రంలో నాలుగో క్రైటీరియన్ కింద ఐసీటీ సౌకర్యమున్న గదులెన్ని, ఎంతమంది విద్యార్థులకు ఒక కంప్యూటరు అని లెక్కిస్తారు. లెక్కించదగ్గవే లెక్కిస్తారు, అందులో వింత లేదు. కానీ గ్రేడు దానిమీద ఆధారపడితే కాలేజీ దృష్టి అంతా గదుల శాతం మీదికి పోతుంది. ఏ పాఠం ఈ ఏడాది పిల్లలకు మెరుగ్గా అర్థమైంది, అది ఎలా తెలిసింది అన్నదానికి గడి లేదు. గడి లేని పనికి మన వ్యవస్థలో సమయం లేదు.

లెక్చరర్లందరూ ఉత్తములా అని అడుగుతారు. కాదు. ఇరవై ఏళ్ల కిందటి నోట్సునే డిక్టేట్ చేసేవాళ్లు నాకు తెలుసు, క్లాసు ఎగ్గొట్టేవాళ్లూ తెలుసు. వాళ్ల చేతికి స్మార్ట్‌బోర్డు ఇస్తే ఆ నోట్సునే దానిమీద చూపిస్తారు. వాళ్లను సరిదిద్దాల్సింది క్రమశిక్షణ, యంత్రం కాదు. వాళ్లను చూపించి పనిచేసేవాళ్ల చేతులు కట్టేయడం న్యాయం కాదు. పైగా ఇవాళ చాలా కాలేజీల్లో క్లాసు చెబుతున్నది గెస్ట్ లెక్చరర్లు. గంటకింత అని ఇస్తారు, వేసవిలో తీసేస్తారు, మళ్లీ తీసుకుంటారో లేదో తెలియదు. శిక్షణకు వాళ్లను పిలవరు, ఎందుకంటే వాళ్లు రెగ్యులర్ కాదు. శిక్షణ పొందిన రెగ్యులర్ లెక్చరరు బదిలీ అయి వెళతారు. బోధించే మనిషి ఎవరో తేలకుండా బోధనకు ప్రణాళిక ఎలా వేస్తారు?

డబ్బెక్కడిది అన్నది చివరి అభ్యంతరం. కొత్త డబ్బు నేను అడగడం లేదు. కొనుగోళ్లకు పెట్టేదాంట్లో సగం మనుషులకు పెట్టమంటున్నాను. జిల్లాకు ముగ్గురు చాలు: కోర్సు ఎలా కట్టాలో తెలిసిన ఒకరు, బాగుచేయగల ఒక టెక్నీషియను, తెలుగు, ఇంగ్లిష్ రెండింటిలో పాఠాన్ని తీర్చిదిద్దగల ఒక సంపాదకుడు. జిల్లాలోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీలన్నీ వాళ్లను పంచుకోవచ్చు. యూజీసీ నిబంధన ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసరు వారానికి 16 గంటలు పాఠం చెప్పాలి. కొత్త కోర్సు తయారుచేసే సెమిస్టరులో అందులో నాలుగు గంటలు తగ్గించండి. పరికరం పాడైతే రికవరీ లెక్చరరు జీతంలోంచి అన్న భయాన్ని ఒక్క ఉత్తర్వుతో తీసేయండి. ఇవి ఏవీ ఉపగ్రహం ఎగరేయడమంత కష్టమైన పనులు కావు.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది. చాట్‌జీపీటీ 2022 నవంబరులో వచ్చిన దగ్గర్నుంచి మా కాలేజీలకు రోజూ ఎవరో ఒకరు బ్రోషర్ పట్టుకుని వస్తున్నారు. అవే మాటలు, అదే తొందర, అదే మార్చి నెల. అది పనికిరాదని నేననను. తెలుగు మీడియం పిల్లవాడికి రాత్రి పదింటప్పుడు సందేహం తీర్చే తోడు కాగలదేమో, జాగ్రత్తగా పరీక్షించి చూడాలి. ఎవరు పరీక్షిస్తారు, ఏ క్లాసులో, తప్పు చెబితే పట్టుకునేది ఎవరు అని ఇప్పుడే రాసుకోకపోతే, పదేళ్ల తర్వాత ఇంకో వర్క్‌షాపులో ఇంకో వక్త మళ్లీ మమ్మల్నే చూపిస్తారు. అప్పటికి నేను సర్వీసులో ఉండను.

కొనుగోలు కమిటీల్లో కూర్చునే ప్రిన్సిపాళ్లకు, లెక్చరర్లకు, అధికారులకు ఒక్క విన్నపం. ఈసారి మీ ముందుకు ఇండెంటు వచ్చినప్పుడు దాని పక్కన మూడు మాటలు రాయించండి: ఒక సబ్జెక్టు పేరు, అందులో పిల్లలు తడబడే ఒక పాఠం పేరు, ఆ పాఠం చెప్పబోయే మనిషి పేరు. ఆ మూడూ రాసేదాకా సంతకం పెట్టకండి.